చెట్టు కొట్టించకండి, ముందు గాలిని గమనించండి

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ ఇల్లు హన్మకొండలో హంటర్ రోడ్డు వైపు. బాబుకు ఎనిమిదేళ్లు. మూడేళ్లుగా సంక్రాంతి దాటగానే తుమ్ములు, కళ్ల దురద, రాత్రిళ్లు దగ్గు మొదలై శివరాత్రి దాటేదాకా వదలడం లేదు. కొన్ని రోజులు ఏమీ ఉండదు, కొన్ని రోజులు బడి నుంచి వచ్చేసరికే కళ్లు ఉబ్బిపోయి ఉంటాయి. పుప్పొడి అలర్జీ కావచ్చని డాక్టరు అన్నారు. గేటు ముందున్న కానుగ చెట్టే కారణమని పక్కింటివాళ్లు అంటున్నారు. దాన్ని కొట్టించాలా, వాతావరణానికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగారు.

కానుగను కొట్టించకండి. అది పూసేది ఎండాకాలంలో. మీ బాబుకు బాధ వచ్చేది జనవరి, ఫిబ్రవరిలో. పైగా కానుగ పూలకు తేనెటీగలు వస్తాయి, దాని పుప్పొడి గాలిలో పెద్దగా ఎగరదు. ఆ చెట్టు పోతే మీకు పోయేది నీడ ఒక్కటే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను డిగ్రీ విద్యార్థులకు ముప్ఫై ఒక్క సంవత్సరాలు వృక్షశాస్త్రం చెప్పాను. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు సరిగ్గా మీ బాబుకు ఉన్నట్టే ఉండేది. 1996లో ఎవరో చెప్పారని పెరట్లో మా నాన్న పెట్టిన వేపచెట్టును కొట్టించాను. మరుసటి ఏడు సంక్రాంతి తర్వాత అమ్మాయికి మళ్లీ అదే దగ్గు. వేప పూసేది ఉగాదికి అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పిల్ల రాత్రంతా ఆయాసపడుతుంటే ఆ టెన్షన్‌లో నాకు తోచలేదు. ఆ తప్పు ఇప్పటికీ మనసులో ఉంది. ఆ తర్వాతే గాజు పలకలకు పల్చగా వాజిలీన్ రాసి మేడ మీద పెట్టడం మొదలుపెట్టాను. పొద్దున ఆరుకు, పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు, రాత్రి పదికి పలక మార్చి, కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసేవాడిని. అలా నాలుగు చలికాలాలు చేశాను. కింద చెప్పేవాటిలో కొంత శాస్త్రానికి ఎప్పుడో తెలిసినది, కొంత ఆ పలకల మీద నేను కళ్లారా చూసినది.

ముందు ఏ చెట్లో తెలుసుకుంటే మిగతాది తేలిక. పూలు కంటికి ఇంపుగా ఉన్న చెట్టు సాధారణంగా పురుగులనో పిట్టలనో పిలుస్తుంది. మోదుగ, బూరుగ, తురాయి అలాంటివి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి లేవదు. గాలి మీద ఆధారపడే చెట్టుకు అందంతో పనిలేదు. దాని పూలు చిన్నగా, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటాయి, వాసన కూడా ఉండదు. మన తల మీదే పూస్తున్నా మనం చూడం. జనం తప్పు చెట్టును నిందించడానికి ఇదే కారణం. మార్చి, ఏప్రిల్‌లో బూరుగ దూది ఎగిరితే అదే అలర్జీ అనుకుంటారు. అది గింజకు అంటుకున్న దూది, పుప్పొడి కాదు. ఆ చెట్టు పూత అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మీ బాబు రోజులతో సరిపోయే చెట్టు నాకు ముందుగా తట్టేది నెమలినార. కొన్ని ఊళ్లలో తపసి చెట్టు అంటారు, పుస్తకాల్లో హోలోప్టీలియా అని ఉంటుంది. బూడిదరంగు బెరడు, నలిపితే చెడు వాసన వచ్చే ఆకు, ఎండాకాలంలో గుండ్రటి పల్చటి రెక్కలో ఒక్క గింజ ఉన్న కాయలు. చెరువు కట్టల మీద, గుట్టల పక్కన, పాత గుళ్ల వెనక ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. జనవరి, ఫిబ్రవరిలో ఆకంతా రాల్చేసి బోసి కొమ్మల మీద పూస్తుంది. ఆకు అడ్డం లేకపోతే గాలి కొమ్మల్లోంచి నేరుగా దూసుకుపోయి పుప్పొడిని ఎత్తుకుపోతుంది. మన దేశంలో అలర్జీ కలిగించే చెట్ల పుప్పొడిలో దీన్ని ముఖ్యమైనదిగా వైద్యులు ఎప్పటినుంచో గుర్తించారు. దీని తర్వాత సర్కారు తుమ్మ. దానికి తేనెటీగలూ వస్తాయి, గాలికీ ఎగురుతుంది, ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లు పూస్తుంది. పోతుతాటి గెలలు, ఈతచెట్లు, సరుగుడు, పెద్దమాను కూడా కొందరికి పడవు. మామిడి పూత కూడా ఇదే కాలంలో వస్తుంది. జగిత్యాల, మంచిర్యాల తోటల్లో పనిచేసేవాళ్లలో కొందరికి ముక్కు కారుతుంది, కానీ దాని ప్రభావం ఎక్కువగా తోట లోపలా చుట్టుపక్కలా మాత్రమే.

ఏడాకుల చెట్టు గురించి చాలామంది అడుగుతుంటారు. అది అక్టోబరు, నవంబరులో ఘాటైన వాసనతో పూస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వాటిని ఎక్కువగా నాటారు, ఆ తర్వాత అక్కడ బాగా ఫిర్యాదులు వచ్చాయి. ఆ వాసనకు తలనొప్పి, ఊపిరి ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారన్నది నిజమే. మీ బాబుకు కాలం కలవడం లేదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. రోడ్ల మధ్య పచ్చగా పెంచే కోనోకార్పస్ అనే చెట్టు సంగతి వేరు. దాన్ని నాటడాన్ని గుజరాత్ 2023లో నిషేధించింది. మీ వీధి డివైడర్‌లో అది ఉంటే, ఎప్పుడు పూస్తుందో రాసిపెట్టుకోండి.

ఇక వాతావరణం. మీ అసలు ప్రశ్న ఇదే, నేను ఎక్కువగా చెప్పాలనుకున్నదీ ఇదే.

పువ్వులో పుప్పొడి ఒక చిన్న తిత్తిలో ఉంటుంది. ఆ తిత్తి తెరుచుకోవాలంటే దాని గోడలోని నీరు ఆవిరవ్వాలి. నీరు పోతే గోడ ముడుచుకుని చీలుతుంది, పొడి బయటపడుతుంది. అంటే తాళంచెవి పొడిగాలి చేతిలో ఉంది. రాత్రి మంచు పడి పూలు తడిసి ఉన్నంతసేపూ తిత్తులు మూసుకునే ఉంటాయి. పొద్దెక్కి మంచు ఆరాక ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

ఈ మాట పుస్తకం చదవకుండానే చెప్పగల మనుషులు మనకు ముప్ఫై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. హుజూరాబాద్, జమ్మికుంట వైపు మీకు చుట్టాలుంటే యాసంగిలో ఒకసారి పొలానికి వెళ్లి చూడండి. అక్కడ చాలామంది హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు, వాడుకలో ఆడ మగ వరి అంటారు. మగ వరుసల పుప్పొడి ఆడ వరుసల మీద పడితేనే గింజ కడుతుంది. అందుకని పూత సమయంలో ఇద్దరు మనుషులు చెరో గట్టు మీద నిలబడి తాడు పట్టుకుని మడి మీదుగా లాగుతారు, లేదా కర్రలతో మగ వరుసలను కదుపుతారు. పొద్దున ఏడింటికి ఎవరూ లాగరు. మంచు ఆరాలి, వరి పువ్వు నోరు తెరవాలి. పది నుంచి పన్నెండు మధ్య అరగంటకోసారి, మూడు నాలుగు సార్లు లాగుతారు. మబ్బు పట్టిన రోజు పూత ఆలస్యమవుతుందని తాడు కూడా ఆలస్యంగా పడుతుంది. వాన పడితే ఆ రోజు పని పోయినట్టే. నేను విద్యార్థులను ఆ పొలాలకు తీసుకెళ్లినప్పుడు ఒక రైతు మడిని చూసి, ఇంకా అరగంట ఆగాలి సారూ, పొడి లేవదు అన్నాడు. అరగంట తర్వాత తాడు లాగితే వరి మీద పసుప్పచ్చని పొగలా లేచింది. పుప్పొడి విడుదలకు గంట, తేమ, ఎండ ఎంత ముఖ్యమో నా పాఠం కంటే ఆ ఒక్క మాట పిల్లలకు బాగా నేర్పింది.

చెట్లకూ చాలావరకు ఇదే లెక్క. మా మేడ మీద పలకల్లో పొద్దున ఆరింటికి తీసింది దాదాపు ఖాళీగా ఉండేది. పది నుంచి రెండు దాకా ఉంచినది నిండిపోయేది. మబ్బు రోజుల్లో ఆ నిండటం మధ్యాహ్నం దాటాక జరిగేది.

ఇప్పుడు మీ బాబు ఆ సమయంలో ఎక్కడ ఉంటున్నాడో ఆలోచించండి. సంక్రాంతి సెలవులు అవగానే బళ్లలో జనవరి 26 పరేడ్ ప్రాక్టీసు మొదలవుతుంది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా పిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు. నెమలినార తిత్తులు తెరిచే వేళ, పిల్లాడు నోరు తెరిచి పరుగెత్తే వేళ ఒకటే. ఇంటి ముందు చెట్టును చూసినంత శ్రద్ధగా బడి టైంటేబుల్‌ను ఎవరూ చూడరు.

లేచిన పుప్పొడి ఎంత దూరం పోతుందంటే, దానికి చిన్న లెక్క ఉంది. గాలికి ఎగిరే చెట్ల పుప్పొడి రేణువు సుమారు 20 నుంచి 40 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం అటూ ఇటూగా 70 అనుకోండి. 30 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో సెకనుకు మూడు సెంటీమీటర్లలోపే కిందికి దిగుతుంది. 10 మీటర్ల ఎత్తున్న కొమ్మ నుంచి నేలకు చేరడానికి ఆరు నిమిషాలు పడుతుంది. గాలి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మెల్లగా వీచినా ఆ ఆరు నిమిషాల్లో అది కిలోమీటరు దాటిపోతుంది. మొక్కజొన్న పుప్పొడితో పోల్చి చూడండి. అది 90 మైక్రాన్ల దాకా ఉంటుంది, మనిషెత్తు నుంచి ఎనిమిది, పది సెకన్లలో నేల మీద పడుతుంది, చాలావరకు పాతిక ముప్ఫై మీటర్లు దాటదు. అందుకే పక్క చేనులోని మొక్కజొన్న కంటే ఊరవతల చెరువు కట్ట మీది నెమలినార మీ వాకిట్లోకి ఎక్కువగా వస్తుంది.

ఇదంతా గాలి అడ్డంగా వీచినప్పటి లెక్క. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి పైకి కూడా లేస్తుంది. పైకి లేచే ఆ గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో పోయినా, మూడు సెంటీమీటర్ల చొప్పున దిగే రేణువు కిందికి రాలేదు, పైపైకి పోతుంది. 1873 నాటికే ఇంగ్లండ్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు, తనకే ఈ జబ్బు ఉండటంతో, జిగురు రాసిన పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి చూశాడు. నేల దగ్గర కంటే పైన ఎక్కువ పుప్పొడి దొరికింది. సంక్రాంతికి మన పిల్లలు గాలిపటాలు ఎగరేసే ఆకాశంలో అదే జరుగుతుంటుంది. ఐరోపాలో బర్చ్ చెట్ల పుప్పొడి ఇలా లేచి వందల కిలోమీటర్లు పోయిన సందర్భాలున్నాయి.

పైకి పోయింది ఎక్కడికక్కడ మాయమైపోదు. సాయంత్రం నేల చల్లబడగానే పైకి లేచే గాలి ఆగుతుంది, పుప్పొడి మెల్లగా కిందికి దిగుతుంది. చలికాలంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. పుష్య మాసంలో తెల్లవారుజామున ఊరి బయట నిలబడితే పొయ్యిల పొగ తాటిచెట్ల సగం ఎత్తులో దుప్పటిలా పరుచుకుని కదలకుండా ఉంటుంది చూడండి. కింద చల్లటి గాలి, దాని మీద మూతలా వెచ్చటి గాలి. కింద ఉన్నది పైకి పోలేదు. పొగకు పట్టిన గతే పుప్పొడికీ పడుతుంది. ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకుండా, బాగా చలి పెట్టిన సాయంత్రాల్లో ఆరు నుంచి పది దాకా ఉంచిన పలకల మీద మళ్లీ పుప్పొడి కనిపించేది. మబ్బు పట్టిన సాయంత్రాల్లో అంతగా ఉండేది కాదు. ఆ రోజుల్లో నేను అమ్మాయిని పగలంతా ఇంట్లో ఉంచి, చల్లబడ్డాక వాకిట్లో ఆడుకోమని పంపేవాడిని. ఎంత పొరపాటు చేశానో పలకలు చూశాకే తెలిసింది.

గాలి ఎంత వేగంగా వీస్తే అంత ఎక్కువ పుప్పొడి అనుకుంటాం. కొంతవరకే అది నిజం. గాలి లేని రోజు పొడి చెట్టు దగ్గరే ఉంటుంది, చెట్టు కింద ఉన్నవాళ్లకే కష్టం. చిన్న కొమ్మలు, ఆకులు ఎడతెగకుండా ఊగే గాలి, జెండాను విప్పి నిలబెట్టే గాలి, గంటకు 12 నుంచి 20 కిలోమీటర్లు ఉంటుంది. నేను అన్నిటికంటే జాగ్రత్తపడేది దానికే. తిత్తుల్లోంచి పొడిని దులపడానికి అది చాలు, ఊరి మీదకు మోసుకురావడానికీ చాలు. కాగితాలు, దుమ్ము లేచేంత గాలి వస్తే పొడి చాలా విస్తీర్ణంలో పలచబడిపోతుంది. అయితే అలాంటి గాలి నేల మీద పడి ఉన్న పాత పుప్పొడిని దుమ్ముతో కలిపి మళ్లీ లేపుతుంది, కాబట్టి దానికీ మాస్క్ కావాలి. ఎండాకాలపు సుడిగాలులు, రోడ్డు మీద లారీలు, పొద్దున్నే పొడి చీపురుతో ఊడవడం, అన్నీ చేసే పని అదే. డీజిల్ పొగ, క్వారీల దుమ్ము ఉన్న చోట ముక్కు పొర ముందే మండి ఉంటుంది, తక్కువ పుప్పొడికే తుమ్ము వస్తుంది.

దిశ కూడా చూడాలి. మన దగ్గర చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి మెల్లగా వస్తుంది. తొలకరి నుంచి పడమటి గాలి పట్టుకుంటుంది. మధ్యలో మాఘ, ఫాల్గుణాల్లో రోజుకో వైపు తిరుగుతుంటుంది. మీ బాబుకు ఒకరోజు బాగుండి మరునాడు ఎక్కువ కావడానికి ఇది పెద్ద కారణం కావచ్చు. చెట్టూ అదే, పూతా అదే, గాలి వైపు మారింది. ఒక ఆదివారం పొద్దున బండి మీద మీ ఇంటికీ బడికీ తూర్పు, ఈశాన్య దిక్కుల్లో రెండు కిలోమీటర్ల లోపల తిరిగి రండి. ఆకులు లేని కొమ్మల నిండా గోధుమరంగు గుత్తులున్న చెట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆ వైపు నుంచి గాలి వచ్చే రోజు మీకు ముందే తెలుస్తుంది.

వాన మంచిదే, కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. పెద్ద చినుకులతో అరగంట కురిస్తే గాలి కడిగినట్టవుతుంది, తిత్తులు కూడా మూసుకుంటాయి. సన్నటి తుంపర ఆ పని అంతగా చేయలేదు. వాన వెలిసిన రోజు హాయిగా ఉంటుంది. మరునాడు ఎండ కాసి గాలి ఆడితే, ఆగిపోయిన పూతంతా కలిపి ఒకేసారి తెరుచుకుంటుంది. వాన తర్వాతి రెండో రోజు దగ్గు వస్తే తడిసినందుకు వచ్చిందనుకుంటారు. వానాకాలం బాగా పడిన ఏడాది గడ్డి, వయ్యారిభామ విపరీతంగా పెరుగుతాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా తుమ్మేవాళ్లకు వాటితో పని. మీ బాబుకు ఆ నెలల్లో ఏమీ లేదన్నారు, మంచి గుర్తు.

ఉరుముల వాన గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కొన్ని గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. వాళ్లలో అంతకుముందు ఆస్తమా ఉందని తెలియనివాళ్లు కూడా ఉన్నారు. అది రైగ్రాస్ అనే గడ్డి పుప్పొడి, చెట్లది కాదు. జరిగిన తీరు ఇది. ఉరుముల మేఘం కింది గాలిని పైకి లాక్కుంటూ పుప్పొడిని కూడా లాక్కుంది. పైన తేమకు రేణువులు ఉబ్బి పగిలాయి. ఒక్కో రేణువులోంచి అతి సన్నని ముక్కలు వందల్లో బయటపడ్డాయి. మామూలు రేణువు పెద్దది కాబట్టి ముక్కులోనే ఆగిపోతుంది. ఈ ముక్కలు మూడు మైక్రాన్ల లోపే ఉంటాయి, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. వాన ముందు వచ్చే చల్లగాలి వాటిని తెచ్చి జనం మీద పోసింది. మన దగ్గర మార్చి నుంచి మే దాకా వచ్చే గాలిదుమారం, రాళ్లవాన కూడా అలాంటి మేఘాలవే. అంత పెద్ద ఎత్తున ఇక్కడ జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఉబ్బసం ఉన్న పిల్లాడు ఉన్న ఇంట్లో మాత్రం, మబ్బు కమ్మి మొదటి చల్లగాలి రాగానే మామిడికాయలు ఏరుకోవడానికి పంపకుండా కిటికీలు మూయండి. మట్టివాసన వచ్చే ఆ మొదటి పావుగంట దాటనివ్వండి.

పగలు బడిలో ఉంటే రాత్రి దగ్గు ఎందుకని కూడా అడిగారు. అలర్జీ రెండు విడతలుగా వస్తుంది. తుమ్ము, దురద నిమిషాల్లో వస్తాయి. వాపు, దగ్గు, పిల్లికూతలు నాలుగు నుంచి పన్నెండు గంటల తర్వాత వస్తాయి. పదకొండు గంటలకు గ్రౌండ్‌లో పీల్చినదానికి రాత్రి ఎనిమిదికి దగ్గు వస్తే, రాత్రి అన్నంలో వేసిన పెరుగు మీదా అరటిపండు మీదా నేరం పడుతుంది. పాపం ఎంతమంది పిల్లలకు ఇలా పెరుగు మానిపించారో. ఇంకొకటి, సీజన్ మొదట్లో కొంచెం పుప్పొడికి ఓర్చుకున్న ముక్కు, మూడు నాలుగు వారాలు దెబ్బలు తిన్నాక అందులో పదో వంతుకే తిరగబడుతుంది. అందుకే ఫిబ్రవరి చివర పూత తగ్గుతున్నా పిల్లాడికి తగ్గదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. సంక్రాంతికి పది, పదిహేను రోజుల ముందే డాక్టరును కలవండి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే వాడమంటే భయపడకండి. అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ముందే మొదలుపెట్టాలి. ఎక్కువ అయ్యాక ఒక్క రోజు కొట్టి పనిచేయలేదని పారేస్తే లాభం లేదు. పీల్చే మందు అలవాటైపోతుందన్న మాట అబద్ధం. డాక్టరు చెప్పినన్నాళ్లు వాడించండి. ఊళ్లో ఎవరో ఒక ఇంజెక్షన్ ఇస్తే సాయంత్రానికి తగ్గిపోయిందని కొందరు చెబుతారు. ఆ ఇంజెక్షన్లలో చాలావరకు గట్టి స్టెరాయిడే ఉంటుంది, పదేపదే ఇస్తే పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. చర్మం మీద చేసే అలర్జీ పరీక్షకు వెళ్తే, తుమ్ములకు వాడే మాత్రలు వారం ముందు ఆపాలా అని ముందుగానే అడగండి. అవి వేసుకుని వెళ్తే పరీక్షలో ఏమీ తేలదు. నెమలినార ఆ పరీక్షలో ఉందో లేదో కూడా అడగండి.

బడిలో టీచరుతో మాట్లాడండి. ప్రాక్టీసు పూర్తిగా మాన్పించవద్దు, పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు. అతని వంతు మొదటి పీరియడ్‌లో పెట్టమనండి, ఎనిమిదిన్నర లోపల అయిపోతే ఇంకా మంచిది. దగ్గర్లో చెత్త కాలబెట్టే అలవాటు ఉంటే మాత్రం ఆ వేళ పొగ కిందే ఉంటుంది, అప్పుడు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మేలు. పుప్పొడి పెద్ద రేణువు కాబట్టి ఖరీదైన మాస్క్ అక్కర్లేదు, మూడు పొరల మామూలు మాస్క్ సరిగ్గా కట్టుకుంటే చాలావరకు ఆపుతుంది. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్తుంటే వెనక కూర్చోబెట్టండి, కళ్లకు అద్దాలు పెట్టండి. ఇంటికి రాగానే ముఖం, కళ్లు చల్లటి నీళ్లతో కడిగించి, బట్టలు మార్పించండి. తల స్నానం రోజూ కుదరకపోతే తడి తువ్వాలుతో జుట్టు తుడవండి, లేకపోతే అదంతా దిండు మీదకు చేరుతుంది. ఉతికిన బట్టలు, ముఖ్యంగా దుప్పట్లు, ఈ రెండు నెలలు పగటి పూట మేడ మీద ఆరేయకండి. ముక్కును ఉప్పునీళ్లతో కడగడం బాగా పనిచేస్తుంది, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు. కిటికీలు పది నుంచి మూడు దాకా, మళ్లీ దీపాలు పెట్టిన దగ్గర్నుంచి పడుకునేదాకా మూసి ఉంచండి. మార్చిలో కూలర్ బయటికి తీసేటప్పుడు పాత గడ్డి పారేసి కొత్తది వేయండి. పాత గడ్డిలోని బూజు పుప్పొడి కంటే తక్కువ బాధపెట్టదు.

జ్వరం వచ్చినా, చీమిడి పచ్చగా చిక్కబడినా అది వేరే సంగతి, డాక్టరుకు చూపించండి. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నల్లబడుతున్నా, గాలి, పుప్పొడి అని ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. జపాన్‌లో ఏటా వసంతంలో సుగి అనే చెట్ల పుప్పొడి సూచన వాతావరణ వార్తలతో పాటు వస్తుంది. మీకు ఆ పని నోట్‌బుక్ చేస్తుంది. రోజుకు ఒక్క వరుస చాలు. మంచు పడిందా, ఎన్నింటికి ఆరింది, గాలి ఏ వైపు, ఆకులు ఊగాయా దుమ్ము లేచిందా, బాబు ఎక్కడ ఆడాడు, రాత్రి ఎన్నిసార్లు దగ్గాడు. రెండు చలికాలాలు రాస్తే మీ వీధికి మీరే చెప్పగలుగుతారు. మా అమ్మాయి విషయంలో రెండో ఏడాదికే ఏ రోజు బయటికి పంపాలో మా ఆవిడ నాకంటే ముందు చెప్పేది.

సీజన్ అయిపోయిందని తెలుసుకోవడానికి తేదీలు చూడకండి, చెట్టును చూడండి. మీరు గుర్తుపెట్టుకున్న నెమలినార కొమ్మల మీద గోధుమరంగు గుత్తుల బదులు లేత ఆకుపచ్చ గుండ్రటి రేకుల్లాంటి కాయలు నిండాయంటే, ఆ చెట్టు నుంచి ఇక పుప్పొడి రాదు. అక్కడి నుంచి ఇంకో రెండు వారాలు మందులు కొనసాగించి, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి. ఆ కాయలు ఎండి ఎగిరినప్పుడు బాబు ఏరుకోవచ్చు. లోపలి పప్పు తినడానికి బాగుంటుంది, మా అమ్మాయి జేబులో వేసుకుని తెచ్చేది.